హైదరాబాద్ నుంచి డాలస్: గల్ఫ్ మీదుగానా, యూరప్ మీదుగానా?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాకు ఒకే ప్రశ్నతో ఫోన్లు వస్తుంటాయి. "అన్నా, అమ్మానాన్నలకి టికెట్లు తీస్తున్నా. ఏ రూటు మంచిది?" డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో పదేళ్లకు పైగా ఉంటున్నాను. అమ్మానాన్నలని, అత్తామామలని ఎన్నో సార్లు పిలిపించుకున్నాం. ప్రతిసారీ ఏదో ఒకటి నేర్చుకున్నాం. ఇకపై అడిగినవాళ్లకి పంపడానికి నాకు తెలిసిందంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

అందరూ ముందు అడిగేది దూరం గురించే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. శంషాబాద్ విమానాశ్రయం నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు వస్తుంది. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా దాదాపు 175 డిగ్రీలు, అంటే ఒకటి భూమికి ఈ పక్క ఉంటే రెండోది ఆ పక్క ఉన్నట్టే. అందుకే ఆ దారం అట్లాంటిక్ మీదుగానో పసిఫిక్ మీదుగానో పోదు. నేరుగా పైకెక్కి, ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా వెళ్లి, అవతలి వైపు దిగుతుంది. పిల్లలకి గ్లోబు ఇచ్చి కొలిచి చూడమనండి, చాలా ఆశ్చర్యపోతారు.

ఆ దారం మీద ఆగకుండా ఎగిరే ఫ్లైట్ మాత్రం లేదు. అంత దూరం పోగల విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిదిన్నర గంటలకు పైగా ఆగకుండా ఎగిరే సర్వీసు ఉంది. సిడ్నీ నుంచి డాలస్‌కే 13,800 కిలోమీటర్ల నాన్‌స్టాప్ ఉంది. మనకి 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా ఫ్లైట్ మొదలుపెట్టింది కానీ అది ఎంతో కాలం నడవలేదు. డాలస్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నా ఇప్పటికీ ఎక్కడో ఒకచోట దిగి మారక తప్పడం లేదు. మరి ఎక్కడ మారాలన్నదే ప్రశ్న.

దూరం తేడా చూసి రూటు ఎంచుకోకండి

చాలామంది "దుబాయ్ మీదుగా దగ్గర, లండన్ చుట్టు తిరుగుడు" అనుకుంటారు. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. లెక్క వేస్తే అసలు సంగతి తెలుస్తుంది.

దుబాయ్ మీదుగా అయితే హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550, అక్కడి నుంచి డాలస్ 12,900. మొత్తం సుమారు 15,450 కిలోమీటర్లు. దోహా మీదుగా 2,900, తర్వాత 12,750. మొత్తం 15,650. లండన్ మీదుగా 7,750, తర్వాత 7,630. మొత్తం 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,100, తర్వాత 8,250. మొత్తం 15,350 పైచిలుకు. దుబాయ్ రూటుకీ ఫ్రాంక్‌ఫర్ట్ రూటుకీ తేడా వంద కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వరంగల్ అంత కూడా లేదు!

తూర్పు దారి కూడా ఒకటి ఉంది. హాంకాంగ్ నుంచి డాలస్‌కి కెథే పసిఫిక్ 2025లో నేరుగా ఫ్లైట్ మొదలుపెట్టింది, హైదరాబాద్ సర్వీసును కూడా అదే ఏడాది మళ్లీ తెచ్చింది. అటు తిరిగితే మొత్తం 16,800 కిలోమీటర్లు. గాలిలో గంటన్నర, రెండు గంటలు ఎక్కువ. టికెట్ ధర బాగా తగ్గితే వయసులో ఉన్నవాళ్లు చూసుకోవచ్చు. పెద్దవాళ్లకి నేను చెప్పను.

అంటే ఎటు నుంచి వెళ్లినా గాలిలో ఉండేది సుమారు 20 గంటలే. మధ్యలో ఆగే సమయం కలుపుకుంటే ఇంకో 3 నుంచి 6 గంటలు. కాబట్టి కిలోమీటర్లు పక్కన పెట్టండి. చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఆ 20 గంటలు ఎలా ముక్కలయ్యాయి, ఆ ముక్కల మధ్య ఏ ఊళ్లో దిగాలి, అమెరికాలో మొదట కాలు పెట్టేది ఎక్కడ. ఈ మూడింటిలో నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది చివరిది.

అమెరికాలో దిగే మొదటి ఊరు డాలస్సే కావాలి

అమెరికాలో ఏ విమానాశ్రయంలో మొదట దిగితే అక్కడే ఇమిగ్రేషన్ జరుగుతుంది. చెకిన్ చేసిన పెట్టెలను అక్కడే బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటించి, లోపలి ఫ్లైట్‌కి మళ్లీ అప్పజెప్పాలి. పెట్టెకి వేసిన ట్యాగ్ మీద "డాలస్" అని రాసి ఉన్నా సరే, మధ్యలో న్యూయార్క్‌లోనో చికాగోలోనో దిగితే తీయాల్సిందే. ఈ సంగతి టికెట్ కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

మా అమ్మ మొదటిసారి ఒక్కతే వచ్చినప్పుడు ధర తక్కువ అని రెండు చోట్ల మారే టికెట్ తీశాను. అమెరికాలో మొదట దిగిన చోట ఇమిగ్రేషన్ క్యూ పొడుగ్గా ఉంది. తర్వాత పెట్టెలు రావడం ఆలస్యమైంది. వీల్‌చైర్ తోసే అబ్బాయి ఆమెను బెల్టు దగ్గర కూర్చోబెట్టి "ఫైవ్ మినిట్స్" అని వెళ్లాడు. డాలస్ ఫ్లైట్ వెళ్లిపోయింది. అమ్మ దగ్గర ఫోన్ ఉంది కానీ సిమ్ పనిచేయలేదు. నాలుగు గంటల తర్వాత ఒక గుజరాతీ ఆవిడ తన ఫోన్ ఇచ్చి మాట్లాడించింది. "నేను బానే ఉన్నా నాన్నా, నువ్వు కంగారుపడకు" అంది. ఆ గొంతులో వణుకు నాకింకా గుర్తే. దానికి ఏ కంపెనీనో అనడం లేదు, తప్పు నేను ఎంచుకున్న రూటుది. 200 డాలర్లు ఆదా చేద్దామని ఆమెను అంత కష్టపెట్టాను.

అప్పటి నుంచి నా నియమం ఒక్కటే. పెద్దవాళ్లకైతే ఒకేచోట మారాలి, రెండో ఫ్లైట్ నేరుగా డాలస్‌లో దిగాలి. దుబాయ్ నుంచి ఎమిరేట్స్, దోహా నుంచి ఖతార్, లండన్ నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లుఫ్తాన్సా ఇలా తీసుకొస్తాయి. ఈ నాలుగూ హైదరాబాద్ నుంచి కూడా ఎగురుతాయి కాబట్టి మొత్తం ఒకే టికెట్ మీద, ఒకే కంపెనీ చేతిలో ఉంటుంది. లుఫ్తాన్సా హైదరాబాద్‌కి వచ్చింది 2024 జనవరిలో, మిగతా మూడూ అంతకు ముందు నుంచే ఉన్నాయి.

అబుదాబి సంగతి కొంచెం వేరు. అక్కడి విమానాశ్రయంలోనే అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ రెండూ పూర్తవుతాయి. 2014 నుంచి ఆ ఏర్పాటు ఉంది. ఫ్లైట్ ఎక్కేముందే అమెరికా అధికారి ప్రశ్నలు అడిగి పంపేస్తారు. అమెరికాలో దిగాక లోపలి ఫ్లైట్ దిగినట్టే బయటికి నడిచి వచ్చేయొచ్చు. న్యూయార్క్, చికాగో వెళ్లేవాళ్లకి ఇది చాలా సుఖం. డాలస్‌కి మాత్రం ఇంకోచోట కూడా మారాల్సి వస్తుంది. ఆ మూడో ఫ్లైట్ కోసం పెద్దవాళ్లని పరుగెత్తించడం నాకు ఇష్టం ఉండదు.

నాలుగు గంటలు, పదహారు గంటలా? పది, పదా?

ఇప్పుడు మిగిలింది గల్ఫా, యూరపా అన్నది. ఇక్కడ అందరికీ ఒకే జవాబు లేదు. వచ్చేవాళ్ల మోకాళ్లు, షుగరు, నిద్ర, ధైర్యం చూసి తేల్చుకోవాలి.

గల్ఫ్ రూటులో మొదటి ముక్క చిన్నది, నాలుగు గంటలకి కొంచెం అటూ ఇటూ. భోజనం పెట్టి ప్లేట్లు తీసేలోపు దిగే సమయమవుతుంది. అక్కడ మారాక దాదాపు 16 గంటలు ఒకే సీట్లో. ఈ 16 గంటలే అసలు పరీక్ష. మా నాన్నకి మోకాళ్ల నొప్పులు. దుబాయ్ మీదుగా వచ్చినప్పుడు డాలస్‌లో దిగేసరికి చెప్పుల్లో పాదాలు పట్టలేదు. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. రెండ్రోజులకి తగ్గింది కానీ ఆ మొదటి రాత్రి మేమెవ్వరం నిద్రపోలేదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. వయసు మీదపడినవాళ్లు, గుండె మందులు వాడేవాళ్లు టికెట్ తీయకముందే డాక్టర్‌ని అడగాలి. బిగుతు సాక్సులు వేసుకోమంటారా, మందులేమైనా మార్చాలా అని.

యూరప్ రూటులో ఫ్రాంక్‌ఫర్ట్ వరకు 9 గంటల చిల్లర, అక్కడి నుంచి 11 గంటల లోపు. లండన్ అయితే అటూ ఇటూ పది, పదిన్నర. మధ్యలో లేచి నడుస్తారు, కాళ్లకి రక్తం ఆడుతుంది. విశాలమైన బాత్రూములో ముఖం కడుక్కుంటారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి కూడా టైము లెక్క కట్టుకోవడం సులువు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నేను నిస్సంకోచంగా ఈ రూటే చెబుతాను. నాన్నని రెండోసారి ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా రప్పించాం, పాదాల వాపు చాలావరకు లేదు.

మరి గల్ఫ్‌లో ఏం బాగుంటుంది? మనవాళ్లు. దుబాయ్, దోహా విమానాశ్రయాల్లో ఏ మూల నిలబడినా తెలుగో, హిందీనో మాట్లాడే మనిషి దొరుకుతాడు. శుభ్రం చేసే అన్న జగిత్యాల వాడు కావచ్చు, కౌంటర్లో అమ్మాయి కేరళ పిల్ల కావచ్చు. మొదటిసారి విమానం ఎక్కి, ఇంగ్లిష్ రాని అమ్మకి ఈ ధైర్యం 16 గంటల సీటు కన్నా పెద్దది. ఆరోగ్యంగా ఉండి, కొత్త చోట భయపడే మనిషైతే నా ఓటు గల్ఫ్‌కే. వెజిటేరియన్ భోజనం కూడా ఆ రూటులో మన నాలుకకి దగ్గరగా ఉంటుంది. ఏ రూటైనా టికెట్ తీసినప్పుడే హిందూ వెజిటేరియన్ అని పెట్టించడం మర్చిపోకండి.

యూరప్‌లో ఇంకో చిక్కు ఉంది, ట్రాన్సిట్ వీసా. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా పాస్‌పోర్ట్‌లో ఉండి అమెరికాకి వెళ్తున్న అమ్మానాన్నలకి లండన్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానాశ్రయం దాటకుండా మారడానికి వేరే వీసా అక్కర్లేదు. ఇబ్బంది వచ్చేది మనకి. పాస్‌పోర్ట్‌లో హెచ్1బీ (ఉద్యోగ వీసా) స్టాంపు గడువు అయిపోయి, ఐ-797 అనే ఆమోద పత్రం మీద ఇక్కడ ఉంటున్నవాళ్లు కొత్త వీసా స్టాంపింగ్ కోసం ఇండియా బయల్దేరితే యూరప్ రూటు టికెట్ కొనేముందు ఆ దేశం నిబంధన చదువుకోండి. చెకిన్ కౌంటర్ దగ్గర ఆపేస్తే టికెట్ డబ్బు పోతుంది, అపాయింట్‌మెంట్ కూడా పోతుంది. గల్ఫ్ మీదుగా వెళ్తే ఈ బాధ లేదు.

గల్ఫ్ రూటుకి ఉన్న రిస్క్ కూడా చెప్పాలి. 2024 ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఎన్నడూ లేనంత వాన పడి విమానాశ్రయం అతలాకుతలమైంది, వేలమంది అక్కడే చిక్కుకున్నారు. 2025 జూన్ 23న ఖతార్ గగనతలాన్ని కొన్ని గంటలు మూసేశారు. ఆ ప్రాంతంలో ఉద్రిక్తతలు ఉన్న వారాల్లో అమ్మానాన్నల ప్రయాణం ఉంటే నేనైతే యూరప్‌కి మార్చుకుంటాను.

ఆగే సమయం ఎంత ఉండాలి

గంటన్నర లేఓవర్ ఉన్న టికెట్లు చవగ్గా, మొత్తం ప్రయాణం తక్కువగా కనిపిస్తాయి. పెద్దవాళ్లకి తీయకండి. మొదటి ఫ్లైట్ 40 నిమిషాలు ఆలస్యమైతే చాలు, వీల్‌చైర్ కోసం ఆగేసరికి రెండో గేటు మూసేస్తారు. మారేచోట మళ్లీ సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది, అమెరికా ఫ్లైట్లకి గేటు దగ్గర ఇంకోసారి పాస్‌పోర్ట్ చూస్తారు. మూడు నుంచి నాలుగున్నర గంటలు నా లెక్కలో సరైనవి. 8 గంటలు దాటితే మళ్లీ కష్టమే, కుర్చీలో పడుకోలేక నడుము పట్టేస్తుంది.

రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబర్) మీద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా తర్వాతి ఫ్లైట్‌లో ఎక్కించే బాధ్యత కంపెనీది. విడివిడిగా కొన్న టికెట్లయితే ఆ బాధ్యత ఎవరిదీ కాదు. విజయవాడ, విశాఖ, తిరుపతి నుంచి వచ్చేవాళ్లు హైదరాబాద్ వరకు వేరే కంపెనీలో చిన్న టికెట్ కొనేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. నేనైతే ముందు రోజే హైదరాబాద్ రప్పించి చుట్టాల ఇంట్లో పడుకోబెడతాను. విజయవాడ నుంచి శంషాబాద్‌కి రోడ్డు మీద అయిదు గంటలు పడుతుంది. తెల్లవారుజామున ఫ్లైట్ ఉంటే, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి ఆపైన 20 గంటలు ఎగరడం ఎవరి వల్లా కాదు.

టికెట్ మీద కనిపించే టైము చూసి మోసపోవద్దు. హైదరాబాద్‌లో సోమవారం తెల్లవారుజామున 4కి ఎక్కి, డాలస్‌లో సోమవారం సాయంత్రం 4కి దిగినట్టు కనిపిస్తుంది. "12 గంటలేనా?" అని అమ్మ సంబరపడుతుంది. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం వరకు డాలస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, మిగతా చలికాలమంతా పదకొండున్నర గంటలు వెనక. వేసవిలో ఆ ప్రయాణం నిజానికి 22 గంటల 30 నిమిషాలు. మాత్రలు వేసుకునేవాళ్లకి ఈ లెక్క కాగితం మీద రాసివ్వాలి. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డాలస్ నుంచి దుబాయ్ గంటన్నర వరకు తక్కువ పడుతుంది. కానీ ఇంటికి చేరేసరికి క్యాలెండర్‌లో రెండు తేదీలు మారి ఉండొచ్చు. అటు ఏదైనా శుభకార్యం ఉంటే ఒక రోజు కాదు, రెండు రోజులు ముందు చేరేలా తీయండి.

దిగే సమయం కూడా చూడండి. మధ్యాహ్నమో సాయంత్రమో దిగితే ఇంటికొచ్చి స్నానం చేసి, పెరుగన్నం తిని, రాత్రికి పడుకుంటారు. పొద్దున్నే దిగితే రోజంతా నిద్ర ఆపుకోవడం వాళ్లకి నరకం.

పెట్టెలు, వీల్‌చైర్

ఇండియా నుంచి అమెరికా టికెట్లలో మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఉండటం మామూలే. కానీ బాగా తక్కువ ధర టికెట్లలో, ముఖ్యంగా యూరప్ కంపెనీల్లో, ఒకటే ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. రెండో పెట్టెకి విడిగా కట్టే డబ్బు కలిపితే చవక టికెట్ చవక కాదు.

ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చళ్లు తెచ్చుకోవచ్చు. సీసా చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గర పడేస్తారు, చెకిన్ పెట్టెలోనే పెట్టాలి. రొయ్యల పచ్చడి దగ్గర నుంచి చికెన్ పచ్చడి వరకు మాంసం సంగతి అడిగితే, మాంసం వేసినవి వద్దనే చెబుతాను. పచ్చి కరివేపాకు అస్సలు వద్దు. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది, అందుకే అమెరికా దాన్ని నిషేధించింది. కస్టమ్స్‌లో "తినే వస్తువులు ఉన్నాయా" అంటే ఉన్నాయనే చెప్పమనండి. ఉన్నదని చెబితే మహా అయితే తీసి పడేస్తారు, లేదని చెప్పి దొరికితే జరిమానా.

వీల్‌చైర్‌ని ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు టికెట్‌లో పెట్టించాలి. అవసరం ఉన్నవాళ్లే తీసుకోండి అని ఒక మాట అంటాను. చక్కగా నడవగలిగినవాళ్లు భాష కోసం, క్యూ కోసం అడిగితే నిజంగా నడవలేని ఇంకో అమ్మ గేటు దగ్గర ఎదురుచూడాల్సి వస్తుంది. భాషకి నేను చేసేది వేరు. ఒక అట్ట ముక్క మీద ఒక వైపు తెలుగులో, రెండో వైపు ఇంగ్లిష్‌లో రాసి అమ్మ హ్యాండ్‌బ్యాగ్ బయటి జేబులో పెట్టిస్తాను. తెలుగు వైపు: "ఇక్కడ దిగాక పెట్టెలు తీసుకోవద్దు, అవి డాలస్ వస్తాయి. బోర్డు మీద ఈ నంబర్ ఫ్లైట్ ఏ గేటో చూడు." ఇంగ్లిష్ వైపు: ఆమె పేరు, ఫ్లైట్ నంబర్, ఆమెకి తెలుగు మాత్రమే వచ్చన్న మాట, నా ఫోన్ నంబర్, మా ఇంటి అడ్రస్, తిరుగు టికెట్ తేదీ. ఇమిగ్రేషన్ అధికారి అడిగేవి చాలావరకు ఆ చివరి రెండే. పదేళ్ల వీసా ఉంది కదా అని పదేళ్లు ఉంటానని చెప్పకూడదని మాత్రం ముందు రోజు ఫోన్లో నాలుగుసార్లు చెప్పాలి. ఎన్నాళ్లు ఉండొచ్చో రాసేది ఆ అధికారే, మామూలుగా ఆరు నెలలు ఇస్తారు.

మందులన్నీ డాక్టర్ చీటీతో సహా చేతి బ్యాగులోనే. పెట్టె ఒకరోజు ఆలస్యంగా వస్తే చీరలకి ఆగొచ్చు, బీపీ మాత్రకి ఆగలేం.

ఈసారి మా అత్తమ్మ వస్తున్నారు. ఆవిడకి మోకాళ్లు బాగున్నాయి, ఇంగ్లిష్ రాదు, ఒక్కతే ప్రయాణం. దోహా మీదుగా తీశాను, మధ్యలో మూడు గంటల నలభై నిమిషాలు, డాలస్‌లో సాయంత్రం దిగుతారు. మామయ్య సెప్టెంబర్‌లో వస్తారు, ఆయనకి రెండు మోకాళ్లూ అరిగాయి. ఆయన టికెట్ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా.